అడ్డసరము – క్షయ : ఒక ఓషధి చరిత్ర, ఒక శబ్ద చరిత్ర

మదనపల్లెకు ఉత్తరముగా నున్న పెద్దమండ్యము, తంబళ్ళపల్లె ప్రాంతముల మెట్టపల్లెలలో దొడ్లకును చేలగట్లకును కంచెగా నిలుచు పొదలలో అడ్డసరము ఒకటి. మేకల మందలు తిరుగు సీమలో మేక ముట్టని చెట్టు కంచెకు పనికివచ్చుట సహజమే. దగ్గు పట్టినపుడు దీని ఆకును వెచ్చచేసి రసము పిండి తేనెతో నాకింతురు. ఎండిన ఆకును చుట్టగా చుట్టి ఉబ్బసమునకు పొగ త్రాగుట కూడ మన దేశమున చిరకాలమునుండి ఉన్న వాడుక. ఈ మదనపల్లె సీమలోనే, క్షయవ్యాధి చికిత్సకు దక్షిణ భారతమున మిక్కిలి పేరుపొందిన ఆరోగ్యవరము కలదు. అడ్డసరము క్షయను మాన్పునను నమ్మకము నేటికిని జనులలో వినబడుచున్నది. అది ఎట్లు పుట్టినది, అందు సత్యమెంత, ఆ నమ్మకమువలన కలుగు హాని యేమి అను విషయములను ఇట పరిశీలింప తలచితిమి.

మొదట పేరు. అమరకోశమున వనౌషధివర్గములో దీనికి వైద్యమాత, సింహి, వాశిక, వృషము, అటరూషము, సింహాస్యము, వాసకము, వాజిదంతకము అను పర్యాయములు కలవు. సింహాస్యమను పేరు నోరు తెరచినట్లుండు పూవును బట్టి వచ్చినది. వైద్యమాత యన్న పేరే దీనికి వైద్యులలో గల గౌరవమును చెప్పుచున్నది. తమిళులు దీనిని ఆడాతోడై అందురు. 'ఆడు' అనగా మేక, 'తొడా' అనగా ముట్టనిది యని వారి వ్యుత్పత్తి. లిన్నేయసు 1753లో దీనికి పెట్టిన జస్టీసియా అధాతోడా అను శాస్త్రీయ నామమునందును ఈ దేశిపదమే నిలిచినది. కన్నడమున ఆడుసోగె, మలయాళమున ఆడలోడకము. తమిళ కన్నడ సీమలు రెండును తాకు పుంగనూరు, కుప్పము ప్రాంతములలో ఈ పేర్లు ఒకదాని ప్రక్క నొకటి వినబడుటలో వింత లేదు.

కావున మన అడ్డసరమును గూడ మేక ముట్టనిదనియే వివరింపవచ్చునా? తమిళ 'ఆడు' శబ్దమునకు తెలుగున సజాతీయము 'ఏట'. అది పొట్టేలునకు చెల్లుచున్నది. తెలుగుపదము ఆ మూలమునుండి నేరుగా వచ్చినచో ఆద్యక్షరము వేరుగా నుండవలెను. హిందీలో అడూసా, గుజరాతీలో అరడూసీ, మరాఠీలో అడుళసా అను రూపములు కలవు. ఇవి సంస్కృత అటరూష శబ్దముతో చేరునవి. తెలుగున డకార సకార రేఫలు మూడును నిలిచి, రేఫము మాత్రము చివరకు జరిగినది. ఇట్టి వర్ణవ్యత్యయము తెలుగునకు క్రొత్త కాదు. అడ్డసరము అటరూషమునుండి వచ్చినదే యని మేము తలచుచున్నాము. అటరూషమే ద్రావిడమునుండి సంస్కృతమునకు పోయినదందురా, అది వేరు చర్చ.

ఇక గ్రంథముల మాట. చరకుడు రక్తపిత్త చికిత్సలో వాసాఘృతమును చెప్పెను. శార్ఙ్గధరుడు దీని ఆకును పుటపాకము చేసి రసము తీయు విధమును వివరించెను. ఈ ఆకు పచ్చిదైనను దంచినంతనే సులభముగా రసమియ్యదు గనుక ఆ విధి అవసరమైనది. వాస యుండగా రక్తపిత్తరోగియు, క్షయరోగియు, కాసరోగియు ఏల దుఃఖింపవలెనను అర్థము గల ఉక్తి వైద్యులలో ప్రసిద్ధము. పైని చెప్పిన నమ్మకమునకు ఇదియే పట్టుకొమ్మ. కాని ఆ ఉక్తిలోని క్షయము నేడు మనము ఆ పేరిట పిలుచు వ్యాధియేనా? అసలు చిక్కు ఇచటనే యున్నది.

చరకుడు శోషకు నాలుగు కారణములు చెప్పెను: శక్తికి మించిన సాహసము, వేగములను నిరోధించుట, ధాతుక్షయము, విషమభోజనము. అనగా క్షయమను మాట అచట రోగకారణములలో నొకటి. దేహధాతువులు తరిగిపోవుటయే దాని అర్థము. సుశ్రుతుడు జ్వరము, కుష్ఠము మున్నగువానితోపాటు శోషయు ఒకరినుండి మరొకరికి సంక్రమించునని చెప్పుట మెచ్చదగినదే. అయినను రోగి చిక్కిపోవుచు, దగ్గుచు, నెత్తురు ఉమియు స్థితికంతకును ఆ పేర్లు వర్తించెను. అందు ఊపిరితిత్తుల క్షయ కొంత, ఇతర రోగములు కొంత చేరియుండును. 1852 నాటి బ్రౌను నిఘంటువు కాలమునాటికిని స్థితి యింతే. ఆంగ్లేయులును అప్పుడు ఈ రోగమును 'కన్సంప్షన్' అనిరి, అదియు హరించుకొనిపోవుటయే.

1882 మార్చి 24న బెర్లిను నగరమున రాబర్ట్ కోకు క్షయకారకమైన సూక్ష్మజీవిని ప్రకటించెను. ఆ పిమ్మట మన భాషలో వైద్యవిషయములు వ్రాసినవారు ఆ వ్యాధికి పాత క్షయ శబ్దమునే వాడిరి. మాట నిలిచినది, అర్థము మారినది. అర్థము మారినపుడు దానితోపాటు పాత ఔషధప్రశంసలును క్రొత్త రోగమునకు బదిలీ అయినవి. లక్షణమునకు చెప్పిన మందు సూక్ష్మజీవికి చెప్పినట్లు చదువబడెను. ఇందు ప్రాచీనుల దోషమేమియు లేదు. చదువరి తొందరయే కలదు.

అట్లని అడ్డసరమున గుణమే లేదనరాదు. ఉదకమండలమున ప్రభుత్వోద్యోగిగా నుండిన డేవిడ్ హూపరు 1888లో దీని ఆకునుండి వాసిసీను అను క్షారపదార్థమును వేరుచేసెను. కలకత్తాలో రామనాథ చోప్రాయు, ఆయనతోడి పరిశోధకులును 1920 తరువాత దాని ప్రభావమును పరీక్షించిరి. ఇది కఫమును పలుచన చేసి వెడలించును, శ్వాసనాళములను కొంత సడలించును. వాసిసీను ఆదర్శముగా కృత్రిమముగా నిర్మించిన బ్రోమ్‌హెక్సీను 1960 తరువాతి దశకమున వైద్యమునకు వచ్చెను. దానినుండి దేహములో నేర్పడు ఆంబ్రాక్సాలు కూడ వేరొక మందాయెను. నేడు మందులకొట్టులో కొను దగ్గుమందులు పెక్కింటిలో ఈ రెంటిలో నొకటి యుండును. పెద్దమండ్యపు కంచెకును సీసాలోని మందునకును చుట్టరికము ఈ రీతిది. ఈ రెండు రసాయనములును క్షయ సూక్ష్మజీవి పెరుగుదలను పరీక్షనాళికలో కొంత అడ్డుకొనునని 1996లో ప్రకటింపబడినది. అయితే పరీక్షనాళిక రోగి కాదు. అడ్డసరముచేతనే క్షయ నయమగునని రోగులపై జరిగిన పరీక్షలేవియు నిరూపింపలేదు.

ఈ భేదమును మదనపల్లె చరిత్ర స్పష్టముగా చూపును. క్రైస్తవ మిషనులు పెక్కు కలసి నెలకొల్పిన క్షయారోగ్యశాల 1915లో ఆరోగ్యవరమున ఆరంభమాయెను. డెన్మార్కు దేశీయుడైన క్రిస్టియన్ ఫ్రిమొట్-మొల్లర్ దాని తొలి అధికారి. ఊరు సముద్రమట్టమునకు రెండువేల అడుగులకు పైగా నుండుట, గాలి పొడిగా నుండుట ఆ స్థలనిర్ణయమునకు అనుకూలించినవి. నాటి చికిత్స విశ్రాంతి, శుద్ధవాయువు, పుష్టికరాహారము, రోగగ్రస్తమైన ఊపిరితిత్తిని గాలి ఎక్కించి ముడిచి యుంచు ప్రక్రియ. పాశ్చాత్యవైద్యమునకును అప్పుడు సూక్ష్మజీవిని చంపు మందు లేకుండెనని గుర్తింపవలెను. ఆ దినములలో పల్లెవైద్యుని ఆకురసమును వెక్కిరించుటకు ఎవరికిని అధికారము లేదు. అది కనీసము దగ్గును తగ్గించెను.

1943లో స్ట్రెప్టోమైసీను, 1952లో ఐసోనియాజిడు వచ్చుటతో స్థితి తలక్రిందులాయెను. 1948లో భారతదేశమున బి.సి.జి. టీకాలు మొదట వేసిన స్థలములలో మదనపల్లె ఒకటి. 1950 మొదలు 1955 వరకు జోహాన్నెస్ ఫ్రిమొట్-మొల్లర్ మదనపల్లె పరిసరగ్రామములలో ట్యూబర్క్యులిన్ పరీక్షలతోను, ఎక్స్-రే చిత్రములతోను జనులలో క్షయ వ్యాప్తిని పరిశోధించి, ఫలితములను 1960లో ప్రపంచ ఆరోగ్యసంస్థ పత్రికలో ప్రకటించెను. మన పల్లెల పేరిట ప్రపంచవైద్యవాఙ్మయమునకు చేరిన కృషి యిది. మన చరిత్రకారులు దీనిని తగినంత గమనింపలేదని మా అభిప్రాయము. మద్రాసులో 1956లో ఏర్పడిన క్షయ రసాయనచికిత్సా కేంద్రము, మందులు క్రమముగా వాడినచో ఇంటనుండి చేసిన చికిత్సయు ఆరోగ్యశాలలో చేసిన చికిత్సయు ఇంచుమించు సమానఫలము నిచ్చునని 1959లో చూపెను. దానితో కొండగాలి ప్రాధాన్యమును తగ్గిపోయెను. క్రొత్త మందులును నిర్దోషములు కావు. ఐసోనియాజిడు కొందరికి కాలేయమును చెరచును. కాని ఆ దోషమును పరీక్షలచే కనిపెట్టి సరిదిద్ద వీలగును.

అడ్డసరపు దోషములకు ఇట్టి లెక్క ఉంచువారు తక్కువ. ఆయుర్వేద ఔషధకోశము ఆకురసమునకు 10 మొదలు 20 మిల్లీలీటర్ల మోతాదు చెప్పినది. మోతాదు మించినచో వాంతులు, విరేచనములు కలుగును. అంతకంటె ముఖ్యమైనది గర్భిణుల విషయము. ప్రసవము త్వరపడుటకు దీనిని వాడు ఆచారము దేశమున కొన్నిచోట్ల నుండెను. జమ్మూ ప్రాంతీయ పరిశోధనశాలలో అటల్ మొదలగువారు వాసిసీను గర్భాశయమును ముడుచుకొనజేయుననియు, గర్భస్రావమునకు కారణము కాగలదనియు 1980 నాటికి ప్రకటించిరి. ఆచారమున గుణముగా ఎన్నబడినదే అకాలమున ప్రాణాపాయమగును. దగ్గుకదా యని గర్భిణికి ఈ రసమిచ్చుట తగదు. సంతతియైన మందులును నిరపాయములు కావు. బ్రోమ్‌హెక్సీను, ఆంబ్రాక్సాలులవలన అరుదుగా తీవ్రమైన అసహనమును, చర్మరోగములును కలుగవచ్చునని ఐరోపా ఔషధసంస్థ 2015లో హెచ్చరించినది. అంగడిలో కొను ఎండుటాకులో పెద్దమాను ఆకు కలియుటయు కలదు. ఇంటి కంచె ఆకునకు ఆ భయము లేదు.

వీనియన్నిటికంటె పెద్దదైన హాని మరియొకటి కలదు. అడ్డసరము నిజముగా దగ్గును శమింపజేయును; ఆ మంచిగుణమే కీడగుచున్నది. దగ్గు తగ్గిన రోగి నయమైనదనుకొని ఊరకుండును. లోపల సూక్ష్మజీవి పనిచేయుచునే యుండును, ఇంటివారికిని సంక్రమించును. రెండు వారములకు మించి దగ్గు నిలిచినచో కఫపరీక్ష చేయించుకొనవలెనని జాతీయ కార్యక్రమము చెప్పుచున్నది. అప్పటికే ఆకురసముతో రెండు మాసములు గడపిన రోగికి ఆ మాట ఆలస్యముగా చేరును.

పరిశోధక విద్యార్థులకు ఇచట పని యున్నది. బసవరాజీయము మొదలుకొని తెలుగుతాత్పర్యములతో వెలువడిన వైద్యగ్రంథములందు క్షయ, శోష, రాజయక్ష్మ, రక్తపిత్త శబ్దములు ఏ యర్థమున ప్రయుక్తములైనవో, 1882 తరువాతి ముద్రణలలో తాత్పర్యకర్తలు వానిని ఎట్లు మార్చిరో కాలక్రమమున సేకరింపవలసియున్నది. మూలశ్లోకమును, తెలుగుతాత్పర్యమును ప్రక్కప్రక్కన ఉంచి చూచినచో ఆ మార్పు ఏ తరమున జరిగినదో తేలగలదు.