తెలియని దీవికి తరలిన తెలుగువారు

గోదావరి సముద్రంలో కలిసేచోట, యానానికి దగ్గరలోనే, కోరంగి అనే ఊరుంది. ఇవాళ అక్కడికి వెళ్లినవారికి మడ అడవులు కనిపిస్తాయి గాని రేవు కనిపించదు. రెండువందల ఏళ్ల కిందట అది ఓడలు కట్టే ఊరు. బర్మాలో తెలుగువాళ్లను, ఏ జిల్లావాళ్లయినా సరే, ‘కొరంగీలు’ అనే పిలిచేవారంటే ఆ రేవు ఎంతమందిని సాగనంపిందో ఊహించుకోవచ్చు. బర్మా వలస కథ మన పెద్దల నోట చాలామందిమి విన్నదే. దానికన్నా దూరం పోయిన మరో వలస ఉంది. అది హిందూ మహాసముద్రపు దీవులకు సాగిన వలస. మారిషస్‌లోని తెలుగువారు కూడా తమ పూర్వీకుల మాట వచ్చినప్పుడు కోరంగి పేరే ముందు చెబుతారు.

ఈ వలసకు మొదటి మెట్టు యానాంలో పడింది. 1828లో ఫ్రెంచివారు యానాం నుంచి కొద్దిమంది తెలుగువారిని కూలిపనికి బూర్బోను దీవికి తీసుకుపోయారు. ఇప్పుడు రియూనియన్ అంటున్నది ఆ దీవినే. తర్వాత కొన్నేళ్లకు దాని పొరుగునున్న మారిషస్‌లో బానిసత్వం రద్దయింది. 1835 ఫిబ్రవరి 1 నుంచి ఆ చట్టం అక్కడ అమలులోకి వచ్చింది. చెరుకుతోటల యజమానులకు మనుషులు కావలసి వచ్చారు. 1834 నవంబరు 2న ‘అట్లాస్’ అనే ఓడ కలకత్తా నుంచి 36 మంది కూలీలతో పోర్ట్ లూయీ చేరింది. అది మొదలు 1910 దాకా సుమారు నాలుగున్నర లక్షలమంది భారతీయులు ఆ దీవిలో దిగారు. వారిలో గోదావరి, విశాఖ, గంజాం ప్రాంతాల వారున్నారు. ఆనాటి గంజాంలో చాలా భాగం నేటి ఒడిశాలో ఉంది గనుక, బరంపురం వైపు పాఠకులకు ఇది సొంత ఇంటి కథే.

ఇంతమంది వెళ్లారు సరే, వెళ్లేముందు ఆ దీవి గురించి వాళ్లకేం తెలుసు? చరిత్ర పుస్తకాలు ఎందరు వెళ్లారో, ఏ ఓడలో వెళ్లారో చెబుతాయి. ఈ ప్రశ్న దగ్గర ఎక్కువసేపు ఆగవు.

పొమ్మన్న కారణాలు మాత్రం మన జిల్లాల్లోనే ఉన్నాయి. 1832-33లో గుంటూరు సీమను ఊడ్చిపెట్టిన కరువు పక్క జిల్లాలనూ వదల్లేదు. 1839 నవంబరులో వచ్చిన ఉప్పెన కోరంగిని ముంచింది. ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలైంది 1847లో, ముగిసింది 1852లో. అంతవరకు గోదావరి పక్కన ఉండి కూడా వాన కోసం ఆకాశం వంక చూసిన పల్లెలవి. అలాంటి పల్లెకు మేస్త్రీ వచ్చి నెలకు 5 రూపాయలు జీతం, బియ్యం, పప్పు, ఉప్పు, కట్టుకోను బట్ట, అయిదేళ్ల ఒడంబడిక అన్నాడు. దీవి గురించి వినిపించిన మొదటి వర్ణన అంతే. అందులో జీతం ఉంది, చోటు లేదు.

ఆ చోటు ఎంత దూరమో చాలామందికి సరిగా చెప్పలేదు. తొలి విడత వలసలో జరిగిన మోసాల మీద గొడవ లేచి, 1838లో ప్రభుత్వం కూలీల ఎగుమతిని ఆపింది. కలకత్తాలో విచారణ సంఘం కూర్చుంది. ఎక్కడికి పోతున్నదీ తెలియకుండానే ఓడ ఎక్కినవారున్నారని ఆ విచారణలో బయటపడింది. 1842లో మారిషస్ దారి మళ్లీ తెరిచినప్పుడు కలకత్తా, మద్రాసు, బొంబాయి రేవులకే పరిమితం చేసి, అధికారులను నియమించి, ఇష్టపడే వెళ్తున్నావా అని కూలీని అడగాలన్నారు. అడగడం మంచిదే. కాని చూడని చోటికి ఇష్టమో కాదో మనిషి దేన్నిబట్టి చెబుతాడు?

మారిషస్‌లో ఇప్పటికీ చెప్పుకునే కథ ఒకటుంది. అక్కడ రాయి ఎత్తితే బంగారం దొరుకుతుందని చెప్పి తమ తాతలను తీసుకొచ్చారని. ఆ దీవి అగ్నిపర్వతం నుంచి పుట్టింది. నేలనిండా నల్లరాళ్లే. కూలీలు నిజంగానే ఆ రాళ్లన్నీ ఎత్తారు, చెరుకు నాటేందుకు. ఎత్తిన రాళ్లను పొలాల మధ్య గుట్టలుగా పేర్చారు. ఆ గుట్టలు ఇప్పటికీ అక్కడి చెరుకుతోటల్లో కనిపిస్తాయి. బంగారం తోటల యజమానులకు దొరికింది.

అక్కడి ఆకాశం గురించి చెప్పినవాడు అసలే లేడు. మారిషస్ భూమధ్యరేఖకు దక్షిణాన 20 డిగ్రీల దగ్గరుంది. అక్కడ ధ్రువ నక్షత్రం కనిపించదు. ఏడాదిలో చాలా కాలం మిట్టమధ్యాహ్నపు సూర్యుడు ఉత్తరం వైపు ఉంటాడు. నీడ దక్షిణానికి పడుతుంది. ఉత్తరాయణం వస్తే మనకు పొద్దు పెరుగుతుంది, వాళ్లకు తరుగుతుంది. సంక్రాంతి నడివేసవిలో, తుఫానుల కాలంలో వస్తుంది. ఉగాది నాటికి వేసవి వెనకబడి, చలికాలం వైపు దారి మళ్లుతుంది. కార్తెలు లెక్కపెట్టి విత్తనం చల్లిన రైతుకు ఇది చిన్న మార్పు కాదు. చదివిన పంచాంగమూ, తాత నేర్పిన వానల లెక్కా అక్కడ పనికిరాలేదు. అయినా చైత్ర శుద్ధ పాడ్యమినాడే ఉగాది చేశారు. ఇప్పుడు అది ఆ దేశంలో ప్రభుత్వ సెలవు దినం.

కాలం గడిచేకొద్దీ దీవి గురించిన కబురు కొంత నమ్మకమైన దారిలో రాసాగింది. ఒడంబడిక ముగిసి తిరిగివచ్చిన వాళ్లు ఊళ్లో కనిపించారు. తోటల యజమానులు కూడా ఇది గమనించి, పాత కూలీలను, సర్దార్లను సొంత ఊళ్లకు పంపి బంధువులను, కులంవారిని తెప్పించుకున్నారు. తెలియని మేస్త్రీ మాటకన్నా మేనమామ మాట మేలు కదా. ఏ తోట మంచిది, ఏ దొర చెడ్డవాడు, ఒకరోజు పని మానితే రెండురోజుల జీతం ఎలా కోస్తారు అన్న సంగతులు అతనికి తెలుసు. అన్నీ చెప్పాడా అంటే, మనుషుల్ని తీసుకెళ్తే అతనికీ లాభముంది. కొన్ని చెప్పాడు, కొన్ని మింగాడు.

చెప్పిన నిజం కూడా ఎల్లకాలం నిజంగా ఉండలేదు. 1850లలో తిరిగివచ్చినవాడు అక్కడ మన్యపు జ్వరం లేదని చెప్పి ఉంటే అది అబద్ధం కాదు. 1860లలో ఓడలతోపాటు మలేరియా దోమ దీవి చేరింది. 1866-68 మధ్య ఆ జ్వరం వేలాదిమందిని పొట్టన పెట్టుకుంది. చట్టమూ మారింది. ఉచితంగా తిరిగి పంపే ఏర్పాటు 1850లలో పోయింది. 1867 చట్టంతో, ఒడంబడిక ముగిసిన కూలీ కూడా తన ఫొటో అంటించిన చీటీ వెంట ఉంచుకోవలసి వచ్చింది. చీటీ లేకుండా దొరికితే దిమ్మరి అన్న నేరం. ఈ బాధల మీద 1871లో అడాల్ఫ్ ద ప్లెవిట్జ్ అనే ఆయన కూలీల తరఫున అర్జీ పెట్టాడు. దాని ఫలితంగా 1872లో రాయల్ కమిషన్ విచారణకు వచ్చింది.

ఇక్కడే ఈ కథలోని అసలు తేడా కనిపిస్తుంది. దీవి గురించి కూలీకి తెలిసింది నాలుగు ముక్కలు. కూలీ గురించి దీవికి మాత్రం అన్నీ తెలుసు. పోర్ట్ లూయీ రేవులో ఓడ దిగి, మెట్లు ఎక్కి, డిపోలోకి నడిచిన ప్రతి మనిషి పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఊరు, ఎత్తు, ఒంటిమీది పుట్టుమచ్చ దొడ్డ పుస్తకాల్లో రాసుకున్నారు. 1860ల నుంచి ఫొటోలు కూడా తీశారు. ఆ డిపో నేడు ఆప్రవాసీ ఘాట్ పేరుతో 2006 నుంచి ప్రపంచ వారసత్వ స్థలం. ఆ పుస్తకాలు మోకాలోని మహాత్మాగాంధీ సంస్థలో భద్రంగా ఉన్నాయి.

వెళ్లినవారిలో సుమారు మూడోవంతు తిరిగివచ్చారు. మిగిలినవారి మనవలు, మునిమనవలు ఇప్పుడు ఇంట్లో క్రియోల్ మాట్లాడుతూ, బడిలో తెలుగు చదువుకుంటూ, సింహాద్రి అప్పన్నకు పూజ చేస్తున్నారు. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు అక్కడే జరిగాయి. వాళ్లలో కొందరు ఆ పుస్తకాలు తిప్పి, తమ ముత్తాత ఊరిపేరు వెతుక్కుంటున్నారు. తెలుగు తెలియని గుమాస్తా చెవికి వినిపించినట్లు రాసిన ఊరిపేరు అది. దాన్ని పట్టుకుని ఇటు వచ్చి, ఇది మా ఊరేనా అని అడిగితే సమాధానం చెప్పవలసింది మనమే.

వాళ్ల పుస్తకంలో వెళ్లినవాడి పేరుంది. మన వైపున అతను వదిలి వెళ్లిన ఇంటి పేరు, అతనికోసం ఎదురుచూసిన మనిషి పేరు ఎక్కడా రాసిలేవు. ‘మా ముత్తాత తమ్ముడు ఓడెక్కి పోయాడు, మళ్లీ రాలేదు’ అనే మాట యానాంలోనో, బరంపురంలోనో, మద్రాసులోనో మన ఇళ్లలో ఇంకా వినిపించవచ్చు. అది విన్నవారు ఆ ఊరిపేరు, ఇంటిపేరు, తెలిస్తే ఏడూ ఒక కాగితం మీద రాసి ఉంచండి. దీవి తన వంతు రాసిపెట్టుకుంది. మన వంతు ఇంకా మిగిలే ఉంది.