ఊటీలో వాన పట్టిన రోజు ఏం చేయాలి?

కోయంబత్తూరు, ఈరోడు, హోసూరు, మైసూరుల్లో తరతరాలుగా ఉంటున్న మన తెలుగు ఇళ్లవాళ్లకు కొండ ఊరంటే ముందు గుర్తొచ్చేది ఊటీయే. అక్కడ వానాకాలాలు రెండు: జూన్ నుంచి నైరుతి, అక్టోబరు, నవంబరుల్లో ఈశాన్యం. మూడు రోజులకని వెళ్తే ఒక రోజు వానకు పోతుందనే లెక్క వేసుకోవాలి.

నీలగిరులంతటా వాన ఒకేలా కురవదు. నైరుతి గాలులు పడమటి నుంచి వస్తాయి. గూడలూరు, అవలాంచి వైపు కుండపోతగా పడుతున్నా, దొడ్డబెట్టకు తూర్పున ఉన్న కోత్తగిరిలో తెరిపి ఉండవచ్చు. ఈశాన్య కాలంలో ఇది తిరగబడి కూనూరు, కోత్తగిరి వైపే జోరు ఎక్కువ. అందుకని పొద్దున్నే హోటలువాళ్లను, డ్రైవరును "ఏ వైపు వాన?" అని అడిగి, దారి బాగుందంటేనే కదలండి.

2,637 మీటర్ల దొడ్డబెట్ట ఎక్కితే ఆ రోజు కనబడేది మంచు తెర ఒక్కటే. దాన్ని మరునాటికి ఉంచుకుని, ఆ దారిలోనే ఉన్న టీ ఫ్యాక్టరీ చూడండి. ఆకు వాడ్చడం నుంచి పొడి జల్లెడ పట్టేదాకా పిల్లలకు అర్థమయ్యేలా ఉంటుంది. ఊళ్లో 1831లో తెరిచిన సెయింట్ స్టీఫెన్స్ చర్చి ఉంది. దాని దూలాలకు కలప శ్రీరంగపట్నంలోని టిప్పు భవనం నుంచి తెచ్చిందని చెబుతారు. మైసూరు వాళ్లు తప్పక చూడవలసింది. జల్లు తగ్గితే బొటానికల్ గార్డెన్‌లోని అద్దాల ఇళ్లు. ఆ తర్వాత ఏదైనా బేకరీలో వేడి టీ, వర్కీ. ఇంతకంటే ఎక్కువ పెట్టుకుంటే పెద్దవాళ్లకు మోకాళ్లు పట్టేస్తాయి.

అసలు జాగ్రత్త దిగేటప్పుడు. ఒకసారి మా సంఘం వాళ్లం వాన తగ్గింది కదా అని సాయంత్రం ఐదింటికి బయల్దేరాం. కూనూరు దాటాక చెట్టు విరిగి రోడ్డు మీద పడింది. రాత్రి రెండింటి దాకా బస్సులోనే. షుగరు ఉన్న పెద్దలు నలుగురు. వాళ్ల మాత్రలేమో బస్సు పైన కట్టిన సామానులో! తప్పు కార్యదర్శిగా నాదే. అప్పటినుంచి మందులు, బిస్కెట్లు, స్టీలు సీసాలో నీళ్లు ఎవరివి వాళ్ల చేతిసంచిలోనే ఉండాలని సర్క్యులర్‌లో మొదటి వరుసగా రాస్తున్నాను. వాన రోజున మధ్యాహ్నం దాటాక ఘాట్ దిగవద్దు. మైసూరు వైపు వెళ్లేవాళ్లకు బండీపురం అడవి దారి రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసి ఉంటుందన్నదీ గుర్తుండాలి. బయటి వాహనాలకు 2024 మే నుంచి ఈ-పాస్ ఉంది. తేదీలు అడిగినచోట ఒక రోజు ఎక్కువే వేయండి.

కొండ రైలు పట్టాల మీద చరియలు పడితే మేట్టుపాళయం, కూనూరు మధ్య బండ్లు ఆపేస్తారు. రైల్వేయే రద్దు చేస్తే ఆన్‌లైన్ టికెట్టు డబ్బు ఖాతాకు దానంతటదే వస్తుంది. కౌంటరులో కొన్న టికెట్టయితే పారేయకుండా కౌంటరుకు తీసుకెళ్లి ఇవ్వాలి.