గీతకు రెండు పక్కలా మిగిలినవాళ్ళు: ఆఫ్రికాలో ఎవే జనం సంగతి



పోయిన సమావేశంలో మళ్ళీ 1956 మాట వచ్చింది. రాష్ట్రాలకు గీతలు గీసేటప్పుడు మనల్ని ఎవరు అడిగారు అని ఒక పెద్దాయన గట్టిగానే అన్నారు. ఇంటికి వచ్చి అట్లాసు తీసి కూర్చున్నాము. సరిగ్గా అదే 1956లో పశ్చిమ ఆఫ్రికాలో కొందరిని పిలిచి అడిగారు. అడిగిన తరువాత ఏమయిందో రాద్దామని ఈ ప్రయత్నం. కాస్త పొడుగు ఉంటుంది, ఓపిక పట్టండి.

మేము చదివింది తమిళ మీడియంలో. బడిలో ఆఫ్రికాను 'ఇరుండ కండం' అనేవారు, అంటే చీకటి ఖండం. పరీక్షలో అలాగే రాసి మార్కులు తెచ్చుకున్నాము. అప్పుడు గోడకు వేలాడిన పటంలో గ్రీన్లాండు ఇంచుమించు ఆఫ్రికా అంత కనబడేది. నిజానికి ఆఫ్రికా దానికి 14 రెట్లు. మూడు కోట్ల చదరపు కిలోమీటర్ల నేల, మన దేశం లాంటివి తొమ్మిది పడతాయి. మాలి రాజు మన్సా మూసా 1324లో మక్కా యాత్రకు పోతూ కైరోలో పంచిపెట్టిన బంగారం వల్ల అక్కడ బంగారం ధరే పడిపోయిందని అరబ్బు రచయితలు రాసిపెట్టారు. ఆ మాట మాకు ఏ పంతులూ చెప్పలేదు.

ఆ నేల చాలావరకు ఎత్తైన పీఠభూమి. నదులు సముద్రం చేరే ముందు జలపాతాలై దూకుతాయి, ఓడ లోపలికి పోలేదు. కాంగో నదిదీ అదే కథ. దానికి మలేరియా ఒకటి. అందుకే ఐరోపావాళ్ళు నాలుగు వందల ఏళ్ళు జాస్తిగా తీరంలోనే ఉండి బంగారం, దంతం, చివరికి మనుషులను కూడా కొనుక్కుపోయారు. క్వినైను, ఆవిరి పడవ, మంచి తుపాకీ వచ్చాక లోపలికి దూరారు. 1914 నాటికి ఇథియోపియా, లైబీరియా తప్ప ఖండమంతా పంచుకున్నారు. 1884-85లో బెర్లిన్‌లో కూర్చుని పటం మీద గీతలన్నీ గీసేశారని చాలామంది చెబుతారు. అది సరి కాదు. అక్కడ ముఖ్యంగా పంపకానికి పద్ధతులు రాసుకున్నారు. గీతలు తరువాత ఇద్దరిద్దరు కూర్చుని ఒప్పందాల్లో గీసుకున్నవి. ఒక్క ఆఫ్రికా మనిషి కూడా ఆ బెర్లిన్ బల్ల దగ్గర లేడన్నది మాత్రం నిజం.

ఇక ఎవే జనం. గినియా సింధుశాఖ ఒడ్డున, వోల్టా నదికి తూర్పున వీళ్ళ ఊళ్ళు. పూర్వం అందరూ నోత్సే అనే కోట ఊరిలో ఉండేవారట. అగోకోలి అనే రాజు బాధలు పడలేక, ఆడవాళ్ళు రోజూ వాడుక నీళ్ళు మట్టిగోడ మీద ఒకేచోట పోసి నానబెట్టగా, ఒక రాత్రి ఆ గోడ పగలగొట్టి బయట పడ్డారట. అడుగుజాడలు పట్టి ఎవరూ వెంటరాకుండా వెనక్కు నడుచుకుంటూ పోయారని చెప్పుకుంటారు. మన కులపెద్దలు చెప్పే వలస కథలు విన్నవాళ్ళకు ఇది కొత్తగా అనిపించదు.

1884 జులైలో జర్మన్లు అక్కడి ఒక ఊరి పెద్దతో ఒప్పందం రాయించుకుని టోగోలాండు అన్నారు. పడమట గోల్డ్ కోస్టు బ్రిటిష్ వాళ్ళది. ఎవే నేల మధ్యలో గీత పడింది. జర్మన్లు లోమే రేవు నుంచి మీటరు గేజి రైలు దారులు వేశారు. తీరం వెంట అనేహోకు 1905లో వేసింది కొబ్బరి లైను, 1907లో పలిమేకు వేసింది కోకో లైను, ఆ పైన అటక్పామేకు వేసింది పత్తి లైను. పేర్లే అవి! సరుకు పేరు తప్ప మనుషుల పేరు లేదు. గోల్డ్ కోస్టులో బ్రిటిష్ వాళ్ళు సెకొండి రేవు నుంచి తర్క్వా బంగారు గనులకు 1901లో, కుమాసికి 1903లో వేసిన దారి 1,067 మిల్లీమీటర్ల గేజి. 67 మిల్లీమీటర్ల తేడా ఎంత పనో గూడ్సు షెడ్డులో ట్రాన్‌షిప్‌మెంటు చూసిన మాకు తెలుసు. ఒక్కొక్క మూటా దించి ఎక్కించాలి. కానీ అక్కడ ఆ తిప్పలు కూడా రాలేదు, ఆ రెండు దారులు కలిస్తే కదా! బ్రిటిష్ దారి వోల్టా దాటి తూర్పుకు రానే లేదు.

1914 ఆగస్టులో జర్మన్లు లొంగిపోయారు. 1919లో బ్రిటన్, ఫ్రాన్సు టోగోలాండును పంచుకున్నాయి. లోమే రేవు, రైళ్ళు, మూడింట రెండు వంతుల నేల ఫ్రాన్సుకు పోయాయి. ముందు రెండుగా ఉన్న ఎవే జనం ఇప్పుడు మూడు పాలనల కింద పడ్డారు. ఒక పక్క బడిలో ఇంగ్లీషు, ఇంకో పక్క ఫ్రెంచి. చెల్లెలి పెళ్ళికి పోవాలన్నా మధ్యలో కస్టమ్స్ చౌకీ.

సభ్యులు గమనించవలసింది ఇక్కడ. 1946లో వాళ్ళు అఖిల ఎవే సమావేశం అని ఒక సంఘం పెట్టుకున్నారు. మా జనాన్ని ఒకే పాలన కిందికి తెండి అని ఐక్యరాజ్యసమితికి అర్జీ పెట్టారు. 1947లో సిల్వానస్ ఒలింపియో అనే ఆయన స్వయంగా పోయి ధర్మకర్తృత్వ మండలి ముందు వాదించారు. అర్జీ మీద అర్జీ, విచారణ మీద విచారణ. మన సంఘం ఫైళ్ళు మోసినవాళ్ళకు ఆ అలసట తెలుసు.

చివరికి 1956 మే 9న బ్రిటిష్ టోగోలాండులో ఓటు పెట్టారు. గోల్డ్ కోస్టులో కలుస్తారా, విడిగా ఉంటారా? మొత్తం మీద కలుద్దామన్నవాళ్ళు 58 శాతం. ఎవే జనం ఎక్కువగా ఉన్న దక్షిణ జిల్లాల్లో మాత్రం విడిగానే ఉంటామని జాస్తి ఓట్లు పడ్డాయి. లెక్క మొత్తం మీదే కట్టారు. 1957 మార్చి 6న అది ఘనాలో భాగమయింది. 1960 ఏప్రిల్ 27న ఫ్రెంచి పక్కది టోగో దేశమయింది, అదే ఒలింపియో తొలి అధ్యక్షుడు. అప్పటికి ఆయనే ఘనాతో కలవడానికి ఒప్పుకోలేదు. కుర్చీలో కూర్చున్నాక అర్జీ వేరుగా కనబడుతుంది కాబోలు. 1964లో కైరోలో ఆఫ్రికా దేశాలు చేరి, స్వాతంత్ర్యం నాటి సరిహద్దులు అలాగే ఉండాలని తీర్మానించాయి. ఒకటి కదిపితే అన్నీ కదులుతాయన్న భయం. ఆ భయం న్యాయమైనదే అని మా అభిప్రాయం, ఎవే జనానికి మాత్రం దానివల్ల తలుపు మూసుకుపోయింది.

అదే 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలో చేరింది. మనకు బడి, భాష విషయంలో నష్టం జరిగింది, కాదనము. అయినా ఆ గీత దాటడానికి టికెట్టు చాలు, పాస్‌పోర్టు అడగరు. పెద్దాయన కోపం తప్పని కాదు, ఇది కూడా లెక్కలో వేసుకోవాలని రాస్తున్నాము.

లోమే ఊరు ఇప్పటికీ గీతకు ఆనుకునే ఉంది, చౌకీ దాటితే ఘనాలోని అఫ్లావో. ఆ వలస జ్ఞాపకంగా ఘనా పక్క అన్లోగాలో 1962 నుంచి ప్రతి నవంబరులో హోగ్బెత్సోత్సో పండగ చేస్తున్నారు. పాత కోట ఊరు నోత్సే టోగోలో పడింది. అక్కడ సెప్టెంబరులో ఇంకో పండగ, దానికి ఘనా నుంచి ఎవేలు గీత దాటి పోతారు.