హాల్లో సముద్రం: 1846 నుంచి మా చెల్లి ఫ్లాట్ దాకా

ఇవాళ్టి ఎపిసోడ్ కొత్వాల్‌గూడ నుంచి మొదలుపెడుతున్నా. ఓఆర్ఆర్ మీద శంషాబాద్ వైపు వెళ్తుంటే హిమాయత్‌సాగర్ కనిపిస్తుంది కదా, ఆ జలాశయం పక్కన ఉన్న ఊరు. ఇక్కడ హెచ్ఎండీఏ ఒక ఎకో పార్కు తలపెట్టింది, 2022లో శంకుస్థాపన జరిగింది. ఆ ప్లాన్‌లో టన్నెల్ అక్వేరియం ఉంది. అంటే మనం నడుస్తుంటే తలమీద, పక్కన నీళ్ళు, చేపలు.

ఆ వార్త చూసినప్పటి నుంచి మా చెల్లికి ఒకటే పట్టుదల. వాళ్ళు ఈ మధ్యే శంషాబాద్ దగ్గర ఫ్లాట్‌లోకి మారారు. "అన్నయ్యా, హాల్లో టీవీ పక్కన ఖాళీ ఉంది, చిన్న రీఫ్ ట్యాంక్ పెడదాం" అంది. రీఫ్ అంటే పగడపు దిబ్బ. అక్కడుండే రాళ్ళు, చేపలు, రొయ్యలు, పగడాలు అన్నీ ఉప్పునీళ్ళ ట్యాంకులో. మాకు దగ్గర్లో ఉన్న సముద్రమే రోడ్డు మీద మూడొందల కిలోమీటర్ల పైన. మరి ఇక్కడ సముద్రం ఎలా పెడతాం?

నేను వెంటనే సరే అనలేదు. ఎందుకంటే నాలుగేళ్ళ కింద నేనొకసారి పెట్టి చెడగొట్టాను. ట్యాంకు కొన్నా, ఉప్పు కలిపా, నీళ్ళు తేటగా ఉన్నాయి కదా అని రెండో రోజే నాలుగు చేపలు వేశా. ఐదో రోజుకి ఒక్కటీ మిగల్లేదు. అమ్మ ట్యాంకు వైపు చూసి, "తేటగా ఉంటే చాలా? మనం తాగేముందు చూసుకుంటాం, వాటికెవరు చూస్తారు?" అంది. ఆ మాట ఇప్పటికీ గుర్తుంది. అందుకే ఈసారి కొనేముందు ఈ ట్యాంకుల చరిత్ర చదివా. నేను చేసిన ప్రతి తప్పూ నా కంటే ముందే ఎవరో చేశారని తెలిసింది. అదే ఇవాళ మీకు చెప్తా.

1846కి వెళ్దాం. ఇంగ్లండ్‌లో అన్నా థిన్ అనే ఆవిడ సముద్రం ఒడ్డున టోర్కీ అనే ఊరికి సెలవులకి వెళ్ళింది. అక్కడ రాళ్ళకి అంటుకుని చిన్న పగడాలు కనిపించాయి. వాటిని బతికుండగానే లండన్ తీసుకెళ్ళాలి అనుకుంది. ఏం చేసిందో తెలుసా? సూది దారంతో వాటిని స్పాంజికి కుట్టి, ఉప్పునీళ్ళ జాడీలో పెట్టి తెచ్చింది. గమనించండి, ఇంట్లో నిలిచిన తొలి సముద్రపు అక్వేరియం అని చాలామంది చెప్పే ఆ ట్యాంకులో ఉన్నది రంగుల చేపలు కాదు, పగడాలు.

లండన్‌లో సముద్రం లేదు కదా, నీళ్ళు మాటిమాటికీ మార్చలేదు. అందుకని రోజూ తెరిచిన కిటికీ ముందు నిలబడి ఆ నీళ్ళని ఒక పాత్రలోంచి ఇంకో పాత్రలోకి అరగంటకు పైనే పోయించేది. పోసింది ఆవిడ కాదు, ఇంట్లో పనిమనిషి. ఆ అమ్మాయి పేరు మనకి దొరకదు. కానీ ఇవాళ మనం ప్లగ్ పెట్టి తిప్పే ఎయిర్ పంపు పనే ఆ అమ్మాయి చేతులు చేశాయి. నీళ్ళలోకి గాలి చేరాలి, అంతే లెక్క. మరుసటి ఏడాది ఆవిడ సముద్రపు నాచు కూడా వేసింది. వెలుతుర్లో నాచు ఆక్సిజన్ వదుల్తుంది, ఆ పగడాలు దాదాపు మూడేళ్ళు నిలిచాయి.

తర్వాత 1853లో లండన్ జూలో జనం చూడ్డానికి ఫిష్ హౌస్ తెరిచారు. దాని వెనకున్న ప్రకృతి శాస్త్రవేత్త ఫిలిప్ హెన్రీ గాస్, 1854లో ఒక పుస్తకం రాశాడు. 'అక్వేరియం' అనే మాట జనం నోట్లో నిలిచింది ఆ పుస్తకంతోనే. అదే ఏడాది ఆయన ఇంకో పని చేశాడు. నాలుగు రకాల లవణాలు కలిపి సముద్రపు నీళ్ళని ఇంట్లోనే తయారుచేసే లెక్క అచ్చువేశాడు. మనలాంటి సముద్రం లేని ఊళ్ళకి దారి తెరిచింది అదే.

ఇక్కడిదాకా బానే ఉంది. ఆ పుస్తకాలు చదివి జనానికి పిచ్చి పట్టింది. బకెట్లు, ఉలులు పట్టుకుని ఒడ్డుకి పోయి రాళ్ళ మీదున్నవన్నీ గీకి తెచ్చుకున్నారు. ఇంటికి తెచ్చినవాటిలో చాలావరకు చచ్చిపోయాయి, మళ్ళీ వెళ్ళి తెచ్చుకున్నారు. గాస్ కొడుకు ఎడ్మండ్ పెద్దయ్యాక, 1907లో అచ్చయిన తన పుస్తకంలో, చిన్నప్పుడు నాన్నతో చూసిన ఆ ఒడ్డు నాశనమైపోయిందని బాధపడ్డాడు. సముద్రాన్ని ప్రేమించమని నేర్పిన పుస్తకమే ఆ ఒడ్డుని ఖాళీ చేయించింది. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికి వస్తా.

అదే రోజుల్లో మన దగ్గర ఏం జరుగుతోంది? 1908 సెప్టెంబరు 28న మూసీ వరద హైదరాబాద్‌ని ముంచేసింది, వేల మంది పోయారు. ఆ తర్వాతే మూసీని అదుపు చెయ్యడానికి 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో ఈసీ నది మీద ఈ హిమాయత్‌సాగర్ కట్టారు. వరద మరుసటి ఏడాది, 1909లో, మద్రాసు మెరీనా బీచ్‌లో మెరైన్ అక్వేరియం తెరిచారు. మన దేశంలో తొలి పబ్లిక్ అక్వేరియంగా దాన్నే చెప్తారు. సముద్రం ఎదురుగానే ఉంది కాబట్టి నీళ్ళకి ఇబ్బంది లేదు. హైదరాబాద్‌కి ఆ సుఖం లేదు.

నీళ్ళ సంగతి సరే, నా చేపలు ఎందుకు చచ్చాయి? జవాబు 1890 ప్రాంతంలోనే దొరికింది. సెర్గెయ్ వినోగ్రాడ్‌స్కీ అనే శాస్త్రవేత్త, అమ్మోనియాని మార్చి బతికే బాక్టీరియాని వేరుచేసి చూపించాడు. చేప విసర్జించేది అమ్మోనియా, అది విషం. ఒక రకం బాక్టీరియా దాన్ని నైట్రైట్ చేస్తుంది, అదీ విషమే. ఇంకో రకం దాన్ని నైట్రేట్ చేస్తుంది, అది చాలావరకు తట్టుకోగలిగేది. కొత్త ట్యాంకులో ఈ బాక్టీరియా ఉండదు. రాళ్ళమీద, ఇసుకలో అది పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. నేను ఇచ్చింది రెండు రోజులు. నీళ్ళు తేటగానే ఉన్నాయి, విషం కంటికి కనపడదు కదా.

ఈ రాళ్ళ గొప్పదనం ట్యాంకులో చేసి చూపించినవాడు ఇండోనేషియాలో లీ చిన్ ఎంగ్. 1961లో ఆయన పద్ధతి ఒక అమెరికన్ పత్రికలో వచ్చింది. పెద్ద ఫిల్టర్లు లేవు. సముద్రంలోంచి తెచ్చిన జీవమున్న రాళ్ళు, ఎండ, గాలి బుడగలు. అంతే, పగడాలు బతికాయి. తర్వాత యూరప్‌లో ఆ రాళ్ళకి తోడు గట్టి లైట్లు, మురికిని నురగగా బయటికి తీసే స్కిమ్మర్ చేర్చి పద్ధతిని స్థిరపరిచారు. ప్యాకెట్‌లో సముద్రపు ఉప్పు రావడం కూడా 1960ల నుంచే. ఇక లైటు అంటారా, నీలి ఎల్ఈడీకి 2014లో ముగ్గురికి నోబెల్ ఇచ్చారు. మీ ఫోన్ స్క్రీన్ వెలుగు, ఇవాళ్టి రీఫ్ లైటు రెండూ ఆ పనిలోంచి వచ్చినవే.

ఇప్పుడు చెల్లి హాల్లోకి వద్దాం. వంద లీటర్ల ట్యాంకు అనుకున్నాం. చిన్నదైతే సులువు అనుకుంటారు గానీ తిరకాసు అక్కడే ఉంది, నీళ్ళు తక్కువైతే చిన్న తప్పుకే విషం త్వరగా పెరుగుతుంది. వంద లీటర్లంటే నీళ్ళే వంద కిలోలు. అద్దం, రాళ్ళు, స్టాండు కలిపితే ఇంకా ఎక్కువ. టీవీ యూనిట్ మీద పెట్టకూడదు, గోడ పక్కన గట్టి స్టాండు కావాలి. కిటికీ ఎండ తగలకూడదు.

నీళ్ళు ఆర్ఓవే వాడాలి. లీటరుకి సుమారు 35 గ్రాముల లెక్కన, వంద లీటర్లకి మూడున్నర నుంచి నాలుగు కిలోల రీఫ్ ఉప్పు పడుతుంది. వంటింట్లో ఉప్పు పనికిరాదు. నీళ్ళు ఆవిరైతే ఉప్పు ట్యాంకులోనే ఉండిపోతుంది, కాబట్టి రోజూ పైన కలపాల్సింది మంచి ఆర్ఓ నీళ్ళే, ఉప్పునీళ్ళు కాదు. వారానికోసారి పది లీటర్లు మార్చాలి. వేడి 26 డిగ్రీల దగ్గర ఉండాలి. మన ఏప్రిల్, మే నెలల్లో బయట 40 దాటుతుంది, కాబట్టి చిల్లర్ ఖర్చు ముందే లెక్కేసుకోండి. కరెంటు పోతే? బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి దగ్గర పెట్టుకోండి. 1846లో ఆ అమ్మాయి చేసిన పని దానికి అప్పగించండి.

సరే, అసలు గొడవ ఇప్పుడు. అంతా రాసుకున్నాక చెల్లి ఫోన్ చూపించింది. ఎవరో వాట్సాప్‌లో పగడాల ఫోటోలు పంపారు. "బతికున్నవి, ఇంటికి పంపిస్తాం, చవక" అని. ఎంత అందంగా ఉన్నాయో చెప్పలేను. చెల్లి అప్పటికే ఒకటి ఎంచుకుంది.

దిబ్బలు కట్టే గట్టి పగడాలన్నీ 2001 నుంచి మన వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి. పులి ఉన్న షెడ్యూలే. సముద్రంలోంచి తియ్యడం, అమ్మడం, కొనడం నేరం. మన దేశంలో పగడపు దిబ్బలు ఉన్నదే కొన్ని చోట్ల: మన్నార్ సింధుశాఖ, పాక్ బే, కచ్ సింధుశాఖ, లక్షద్వీప్, అండమాన్ నికోబార్. వేడెక్కుతున్న సముద్రంలో అవి ఇప్పటికే తెల్లబడుతున్నాయి. "వాళ్ళు ఒడ్డు గీకి తెచ్చుకున్నారే, ఇదీ అదే" అన్నా. ఎడ్మండ్ గాస్ కథ చెప్పా.

చెల్లి కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "పగడం లేకుండా రీఫ్ ఎట్లా అంటారు అన్నయ్యా?" అంది.

నిజమే, పేరుకి తక్కువే. కానీ ఇలా తేల్చుకున్నాం. సముద్రం రాయి బదులు తయారుచేసిన సిరామిక్ రాయి. దానిమీద ఊదారంగు నాచు మెల్లగా పొరలా పడుతుంది. ఒక జత క్లౌన్ ఫిష్, అదీ హేచరీలో పుట్టినవే. కొచ్చి కేంద్రంగా ఉన్న మన సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వాటిని పుట్టించి పెంచే పద్ధతి ఎప్పుడో సాధించింది. రెండు నత్తలు, ఒక రొయ్య. కొనేటప్పుడు ఎక్కడ పుట్టినవో అడగండి, కాగితం చూపించమనండి. చూపించకపోతే వచ్చేయండి. ఇంకో మాట, ట్యాంకు వద్దనిపిస్తే చేపల్ని గానీ ఉప్పునీళ్ళని గానీ హిమాయత్‌సాగర్‌లో పొయ్యకండి. అది ఊరి నీళ్ళు.

ఇవాళ్టికి మూడో వారం. చెల్లి హాల్లో ట్యాంకులో రాళ్ళు, నీళ్ళు, లైటు మాత్రమే ఉన్నాయి. వచ్చిన చుట్టాలంతా "చేపలేవమ్మా?" అని అడుగుతున్నారు. తను టెస్ట్ కిట్ తెచ్చి అమ్మోనియా రంగు చూపిస్తోంది. నిన్న రాత్రి ఫోటో పంపింది, ఇంకా కొంచెం ఆకుపచ్చగానే ఉంది. కింద ఒక్క మాట రాసింది: "ఇంకో వారం ఆగుదాం."

నాలుగేళ్ళ కింద నాకు ఆ మాట తట్టి ఉంటే ఆ నాలుగు చేపలు బతికేవి.

మీరు ఎవరైనా ట్యాంకు పెట్టి ఉంటే ఎన్ని వారాలు ఆగారో చెప్పండి. వచ్చే ఎపిసోడ్‌లో మళ్ళీ కలుద్దాం. ఉంటా మరి.