మంచు కట్టేలోగా

ఇలా కుంపటి దగ్గరికి జరుగు తల్లీ. మీట నొక్కితే నమూనా ఉంచిన గ్రిడ్డు దానంతటదే చలిలోకి దిగుతుంది, మిగతాది కంప్యూటర్ చూసుకుంటుందంటున్నావు. మా కాలంలో ఆ చోద్యాలేవీ లేవు.

ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు లోపల గాలి ఉండకూడదు. గాలి లేని చోట నీళ్లు నిలవవు, ఆవిరైపోతాయి. అందుకని వైరస్సును ఎండబెట్టి, యురేనియం ఉప్పు పట్టించి చూసేవాళ్లం. కనబడేది నిజానికి వైరస్సు కాదు, దాని చుట్టూ పేరుకున్న ఉప్పు. దానికే మురిసిపోయేవాళ్లం!

గడ్డకట్టించి చూడొచ్చుగా అంటావు. 1974లో బర్కిలీలో టేలర్, గ్లేజర్ కెటలేజ్ అనే ప్రొటీన్ స్ఫటికాలను తడితో సహా గడ్డకట్టించి చూశారు కూడా. కానీ మామూలు మంచుతో పెద్ద చిక్కు. అది పలుకులు కట్టి పెరుగుతూ పక్కనున్న ప్రొటీన్‌ను నలిపేస్తుంది, ఎలక్ట్రాన్లను చెదరగొట్టి బొమ్మంతా పాడుచేస్తుంది.

అప్పుడు జర్మనీలో హైడెల్‌బర్గ్‌ ల్యాబులో జాక్ దుబోషే అని ఒక స్విస్ ఆయన, ఆయనకు తోడు అలస్డేర్ మెక్‌డోవల్. అణువులు వరస కట్టేలోగా చల్లార్చేస్తే నీళ్లు ఉన్నవున్నట్టే గాజులా బిగుసుకుపోతాయని 1981లో చూపించారు. దేంతో చల్లార్చారనుకున్నావ్? ద్రవ నైట్రోజన్ మైనస్ 196 డిగ్రీలు, అందులో ముంచితే చాలదా అనుకుంటాం. చాలదు. అది ఎప్పుడూ మరుగుతూనే ఉంటుంది. వెచ్చటిదేది తగిలినా చుట్టూ ఆవిరి పొర కమ్ముతుంది. కాలిన పెనం మీద నీటిచుక్క గెంతుతుందే, ఆ తంతే. పొర అడ్డమొచ్చాక వేడి ఎటు పోతుంది?

అదే ఆ నైట్రోజన్‌తో చల్లబరిచిన ఈథేన్ అయితే, చల్లదనంలో ఒక మెట్టు తక్కువే, మైనస్ 183 దగ్గర తానే గడ్డకడుతుంది. కానీ మైనస్ 89 దాకా మరగదు. వేడిని గటగటా తాగేస్తుంది. నన్నడిగితే సగం గొప్పతనం ఆ ఈథేన్ గిన్నెదే.

పట్టకారుతో గ్రిడ్డు పట్టుకోవడం, మీద చుక్క వేయడం, ఫిల్టర్ పేపరుతో అద్దడం, ఆరేలోగా ఈథేన్‌లోకి టక్కున వదలడం, ఇదీ పని. ఆ తర్వాత మైనస్ 140 దాటి వెచ్చబడనివ్వకూడదు, లేదంటే ఆ గాజు కాస్తా మంచైపోతుంది. ముసురు పట్టిన రోజయితే మన ఊపిరి తగిలినా మీద నూగు పట్టేది.

1984లో రంగూ ఉప్పూ లేని ఎడినోవైరస్ బొమ్మ అచ్చులో వచ్చింది. తర్వాతి సంగతులు నీకు తెలిసినవే. 2017లో దుబోషేకి, ఇదే దారిలో పనిచేసిన ఫ్రాంక్‌కి, హెండర్సన్‌కి నోబెల్ ఇచ్చారు.

నీ యంత్రంలోనూ అదే ఈథేనే కదా? గిన్నె అంచున తెల్లగా పేరుకోవడం మొదలైందంటే అదను వచ్చినట్టే. ఒక్కటి గుర్తుంచుకో, అది మండే వాయువు, నిప్పు దగ్గరికి తేకు.