సీజన్ మధ్యలో గోడ దూకినవాళ్లు

లివర్‌పూల్‌లో ఆన్‌ఫీల్డ్ బయట బిల్ షాంక్లీ విగ్రహం ఉంది. గ్లాస్గోలో సెల్టిక్ పార్క్ ముందు జాక్ స్టీన్, మాంచెస్టర్‌లో ఓల్డ్ ట్రాఫర్డ్ దగ్గర అలెక్స్ ఫెర్గూసన్ కంచుబొమ్మలై నిలబడ్డారు. బ్రిటిష్ ఫుట్‌బాల్ అభిమానులు ఇలవేల్పుల్లా కొలిచే మేనేజర్లు వీళ్లు. ముగ్గురూ చేసిన పని ఒకటుంది. సీజన్ నడుస్తుండగానే ఉన్న క్లబ్బుకు రాజీనామా ఇచ్చి మరో క్లబ్బుకు వెళ్లిపోయారు. షాంక్లీ 1959 డిసెంబరులో హడర్స్‌ఫీల్డ్‌ని, స్టీన్ 1965 మార్చిలో హిబర్నియన్‌ని, ఫెర్గూసన్ 1986 నవంబరులో అబర్డీన్‌ని వదిలారు.

ఇవాళ అదే పని చేసిన మేనేజర్‌కు స్టేడియంలో దక్కే బిరుదు ఇస్కరియోతు యూదా. అంటే గోడ దూకడం పాతదే, దాని వెంట వచ్చే రచ్చ కొత్తది. మనం ఆరా తీయాల్సింది ఆ రచ్చ ఎప్పుడు పుట్టిందనే.

స్టీన్ వెళ్లినప్పుడు హిబర్నియన్ అభిమానులకు బాధ లేదని కాదు. కానీ ఆయన ఒకప్పుడు సెల్టిక్ కెప్టెన్. పుట్టింటికి వెళ్తున్నాడని సరిపెట్టుకోవచ్చు. వెళ్లే సంగతి కొన్ని వారాల ముందే బయటపెట్టాడు. ఆయన స్థానంలో డండీ నుంచి వచ్చింది బిల్ షాంక్లీ సొంత అన్న బాబ్ షాంక్లీ. ఒకచోట కుర్చీ ఖాళీ అయితే దాన్ని నింపడానికి ఇంకోచోట ఖాళీ చేయాల్సిందే. ఈ గొలుసు అప్పటికే మొదలైంది. ఫెర్గూసన్ సంగతి ఇంకా తేలిక. ఎనిమిదేళ్లలో మూడు లీగ్ టైటిళ్లు, 1983లో రియల్ మాడ్రిడ్‌ను ఓడించి యూరోపియన్ కప్ విన్నర్స్ కప్ తెచ్చినవాణ్ణి అబర్డీన్ ఏ మొహం పెట్టుకుని తిడుతుంది?

1992లో ప్రీమియర్ లీగ్ వచ్చింది. దాంతోపాటు టీవీ డబ్బు. కింది డివిజన్‌కు జారిపోతే ఆ డబ్బు గల్లంతే. అక్టోబరు, నవంబరు కల్లా పట్టికలో అడుగున పడ్డ క్లబ్బుకు గుండెదడ మొదలవుతుంది. మేనేజర్‌ను పీకేస్తుంది. మరి కొత్తవాడెక్కడ? బాగా పనిచేస్తున్నవాడు కావాలి. బాగా పనిచేస్తున్నవాడు ఎప్పుడూ ఖాళీగా ఉండడు. ఆటగాళ్లనైతే 2002-03 నుంచి ఇంగ్లండ్‌లో నిర్ణీత గడువుల్లోనే కొనాలి. మేనేజర్లకు ఆ గడువు లేదు. నష్టపరిహారం కట్టగలిగితే ఏ మంగళవారమైనా ఎత్తుకుపోవచ్చు. ఇటలీలో ఒకే సీజన్‌లో ఒకే కోచ్ రెండు క్లబ్బులకు పనిచేయకూడదని చాలాకాలం నిబంధన ఉండేది. ఇంగ్లండ్ అలాంటి కంచె వేసుకోలేదు.

ఈ కథంతా ఒక్క ఊరి నుంచి చెప్పమంటే లెస్టర్ నుంచి చెప్తాను. 1994 నవంబరులో బ్రయన్ లిటిల్ లెస్టర్ సిటీకి రాజీనామా ఇచ్చి, కొద్ది రోజుల్లోనే ఆస్టన్ విల్లా మేనేజర్‌గా తేలాడు. డిసెంబరు మొదట్లో విల్లా జట్టును వెంటేసుకుని లెస్టర్ మైదానం ఫిల్బర్ట్ స్ట్రీట్‌కే వచ్చాడు. జనం ఎలా అరిచి ఉంటారో వేరే చెప్పాలా! అంత అన్యాయానికి గురైన లెస్టర్ తర్వాత చేసిందేమిటి? రెడింగ్ క్లబ్బు నుంచి మార్క్ మెగీని సీజన్ మధ్యలోనే లాక్కొచ్చింది. సరిగ్గా ఏడాదికి, 1995 డిసెంబరులో, ఆ మెగీ లెస్టర్‌ను వదిలి వుల్వ్స్‌కు వెళ్లిపోయాడు. ఉసురు తగలడమంటే ఇదేనని రెడింగ్‌వాళ్లు అనుకునే ఉంటారు.

ఆ డిసెంబరు 17న నారిచ్ జట్టు లెస్టర్‌లో ఆడాలి. ఆట మొదలవడానికి కొన్ని గంటల ముందు నారిచ్ మేనేజర్ మార్టిన్ ఓనీల్ రాజీనామా ఇచ్చాడు. మ్యాచ్ లెస్టర్ 3-2తో గెలిచింది, ఓడిన జట్టు మేనేజర్‌ను కూడా తెచ్చుకుంది. అయినా నారిచ్ అభిమానుల కోపం ఎక్కువగా ఓనీల్ మీదికి పోలేదు. ఆటగాళ్ల కొనుగోలుకు డబ్బు విదల్చని ఛైర్మన్ రాబర్ట్ చేజ్ మీదికి పోయింది. కొన్ని నెలలకు చేజ్ దిగిపోయాడు కూడా. అభిమాని కోపం గుడ్డిదంటారు గానీ, ఎవరి మీద పడాలో దానికి చాలాసార్లు బాగానే తెలుసు.

లెస్టర్‌లో ఓనీల్‌కు మొదట్లో ఈలలూ తిట్లే. 1996 మే నెలలో వెంబ్లీలో అదనపు సమయం ఆఖరి క్షణాల్లో స్టీవ్ క్లారిడ్జ్ కొట్టిన గోల్‌తో ప్రీమియర్ లీగ్‌లోకి ఎక్కించాక ఆ నోళ్లు మూతపడ్డాయి. రెండేళ్లకు ఇంకో మలుపు. 1998 అక్టోబరులో జార్జ్ గ్రాహం లీడ్స్‌ను వదిలి టాటెన్‌హామ్‌కు వెళ్లాడు. ఖాళీ అయిన లీడ్స్ కన్ను ఓనీల్ మీద పడింది. ఆ నెలలోనే టాటెన్‌హామ్ లెస్టర్‌కు ఆడటానికి వచ్చిన రాత్రి స్టాండ్లన్నిటా అట్టలు లేచాయి: వెళ్లొద్దు మార్టిన్! గొలుసును కదిపిన గ్రాహం ఎదుటి జట్టు బెంచీ దగ్గరే ఉన్నాడు. ఓనీల్ ఉండిపోయాడు. బతిమాలి ఆపిన ఉదాహరణ నాకు తెలిసినంతలో ఇంత స్పష్టంగా ఇంకోటి లేదు.

గ్రాహంది మరో తమాషా. ఆర్సెనల్ ఆటగాడిగా, మేనేజర్‌గా పేరు మోసినవాడు బద్ధశత్రువు టాటెన్‌హామ్‌కు రావడంతో, అక్కడి అభిమానులు పాటలో ఆయన పేరు పలకలేక ‘రెయిన్‌కోటు మనిషి’ అని పాడుకునేవాళ్లు. 1999లో లీగ్ కప్ గెలిచిపెట్టినా వాళ్ల మనసు కరగలేదు.

ఇక హ్యారీ రెడ్‌నాప్. 2004 నవంబరులో పోర్ట్స్‌మత్‌కు రాజీనామా ఇచ్చి, డిసెంబరులో పక్క ఊరి పగవాళ్లు సౌతాంప్టన్ దగ్గర చేరాడు. 2005 ఏప్రిల్‌లో పాత మైదానానికి వస్తే 4-1తో చితక్కొట్టారు. సౌతాంప్టన్ కింది డివిజన్‌కు జారిపోయింది, ఆయన డిసెంబరుకల్లా మళ్లీ పోర్ట్స్‌మత్‌కే వచ్చాడు. 2008లో ఎఫ్ఏ కప్ గెలిపించాడు. నగర గౌరవ పౌరసత్వం ఇద్దామని ఊరు ముహూర్తం పెట్టుకుంది. ఆ ముహూర్తానికి కొద్ది రోజుల ముందే ఆయన టాటెన్‌హామ్‌కు వెళ్లిపోయాడు! అయినా సన్మానానికి వచ్చాడు. చప్పట్లూ ఛీత్కారాలూ ఒకే వేదిక మీద అందుకున్నాడు. ఆ ధైర్యానికి మాత్రం దణ్ణం పెట్టాలి.

మళ్లీ లెస్టర్. 2019 ఫిబ్రవరి 26న బ్రెండన్ రాజర్స్ సెల్టిక్‌ను వదిలి అక్కడికి వెళ్లాడు. అప్పటికి సెల్టిక్ లీగ్‌లో ఎనిమిది పాయింట్లు ముందుంది. వరసగా మూడో ఏడాది స్కాట్లండ్‌లోని మూడు కప్పులూ గెలిచే అవకాశం చేతిలో ఉంది. పైగా ఈయన చిన్నప్పటినుంచీ సెల్టిక్ అభిమానినని చెప్పుకున్నవాడు. మర్నాడు ఎడిన్‌బరాలో హార్ట్స్‌తో మ్యాచ్‌కు అభిమానులు తెచ్చిన బ్యానర్ సారాంశం: అమరత్వాన్ని ఇచ్చి నాసిరకాన్ని కొనుక్కున్నావు, నువ్వెప్పుడూ మావాడివి కాదు. సహాయకుల్ని కూడా వెంట తీసుకెళ్లడం పుండు మీద కారం చల్లింది. నీల్ లెనన్ వచ్చి ఆ మూడు కప్పులూ పూర్తిచేశాడు. ఆ ‘నాసిరకం’ లెస్టర్ కూడా 2021లో తన చరిత్రలో మొదటిసారి ఎఫ్ఏ కప్ ఎత్తింది, రాజర్స్ చేతుల మీదుగానే. 2023లో సెల్టిక్ ఆయన్నే మళ్లీ పిలిచింది. 2025 అక్టోబరులో, మళ్లీ సీజన్ మధ్యలోనే, రాజీనామా ఇచ్చాడు. ఈసారి వేరే క్లబ్బు కోసం కాదు.

వెళ్లిపోయినవాడి వల్ల క్లబ్బు మునిగిపోతుందనేది కూడా అపోహే. నేథన్ జోన్స్ లూటన్ టౌన్‌ను 2019 జనవరిలో స్టోక్ కోసం, తిరిగొచ్చాక మళ్లీ 2022 నవంబరులో సౌతాంప్టన్ కోసం వదిలేశాడు. రెండు సీజన్లలోనూ లూటన్ పై డివిజన్‌కు ఎక్కింది.

ఈ గొలుసు ఇంగ్లండ్ సొత్తేమీ కాదు. పోర్చుగల్‌లో 2020 మార్చిలో స్పోర్టింగ్ క్లబ్బు కోటి యూరోలు కట్టి బ్రాగా నుంచి రూబెన్ అమోరిమ్‌ను సీజన్ మధ్యలోనే తెచ్చుకుంది. 2024 నవంబరులో మాంచెస్టర్ యునైటెడ్ స్పోర్టింగ్‌కు అదే చేసింది. స్పోర్టింగ్‌తో అమోరిమ్ చివరి మ్యాచ్ బ్రాగాలోనే పడింది. రెండు గోల్స్ వెనకబడి 4-2తో గెలిచారు. తర్వాత వచ్చిన జువావ్ పెరీరా నిలదొక్కుకోలేకపోవడంతో డిసెంబరు ఆఖర్లో స్పోర్టింగ్ విటోరియా గిమరాయిష్ క్లబ్బు నుంచి రూయి బోర్జెస్‌ను పట్టుకొచ్చింది. మే నెలలో లీగ్ గెలిచింది.