రాగి, ఇనుము లోపాలలో జంతు కణజాల ఎంజైముల స్థితి

రాగి లోపించినా, ఇనుము లోపించినా జంతువులలో ప్రస్ఫుటంగా కనిపించేది రక్తహీనతే కావడం వల్ల ఈ రెండు లోపాల తీవ్రతను చాలాకాలం హిమోగ్లోబిన్ కొలతతోనే నిర్ణయించేవారు. పాలతోనే పెంచిన ఎలుకలకు వచ్చిన రక్తహీనత శుద్ధమైన ఇనుప లవణంతో నయం కాలేదనీ, దానికి కొద్దిపాటి రాగిని చేర్చినప్పుడు నయమైందనీ విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో హార్ట్, ఎల్వెజెమ్ తదితరులు 1928లో నిరూపించారు. దీనికి ఒక ముఖ్యకారణం సెరులోప్లాస్మిన్ అనే రాగి ప్రోటీన్. ఇది ఫెర్రస్ రూపంలోని ఇనుమును ఫెర్రిక్ రూపంలోకి మార్చి, రక్తంలో ఇనుమును మోసే ట్రాన్స్‌ఫెరిన్‌కు అందేటట్లు చేస్తుంది. రాగి కొరవడితే ఈ మార్పిడి కుంటుపడి ఇనుము కాలేయంలోనే పేరుకుపోతుంది. గాదె నిండా గింజలున్నా పొయ్యి వెలగని ఇంటి స్థితి అది.

అయితే రాగి లోపం చేసే అసలు హాని రక్తానికి వెలుపల ఉంది. కణశ్వాసలో చివరి మెట్టు అయిన సైటోక్రోమ్ ఆక్సిడేజ్ ఎంజైములో హీమ్‌తో కూడిన రెండు ఇనుప పరమాణువులూ, మూడు రాగి పరమాణువులూ ఉంటాయి కనుక రెండు లోహాలూ అక్కడే కలుస్తాయి. పశ్చిమ ఆస్ట్రేలియాలో గొర్రెపిల్లలు వెనుక కాళ్లు పట్టు తప్పి తూలిపడే వ్యాధికి తల్లి గొర్రెలలోని రాగి లోపమే కారణమని 1937లో బెనెట్స్ గుర్తించగా, అటువంటి పిల్లల చాలక నాడీకణాలలో ఈ ఎంజైము బాగా తగ్గి ఉన్నట్లు తరువాతి పరిశీలనలు చూపాయి. లైసిల్ ఆక్సిడేజ్‌దీ ఇదే కథ, కానీ మరింత ప్రాణాంతకం: ధమని గోడకు సాగే గుణాన్నిచ్చే ఎలాస్టిన్ పోగులను ఒకదానితో ఒకటి బంధించే ఈ ఎంజైము రాగి లేక మందగించడంతో, పందిపిల్లలలోనూ కోడిపిల్లలలోనూ బృహద్ధమని చిట్లి ఆకస్మిక మరణం సంభవిస్తుంది. రాగి లోపంలో నల్లగొర్రెల ఉన్ని వెలిసిపోవడానికి కారణం మెలనిన్ వర్ణకాన్ని తయారుచేసే టైరోసినేజ్ మందగించడమే.

ఇనుము లోపం కణజాలాలన్నింటినీ ఒకే తీరుగా తాకదు. ఎలుకలలో కణశ్వాసకు తోడ్పడే ఇనుప ప్రోటీన్ సైటోక్రోమ్ సి కండరాలలోనూ పేగు పొరలోనూ గణనీయంగా తగ్గుతుంది, మెదడులో తగ్గుదల స్వల్పం. ఇనుము తిరిగి ఇచ్చినప్పుడు, కణాలు త్వరగా మారే పేగు పొర కొద్ది రోజుల్లోనే కోలుకుంటుంది, కండరం మాత్రం వారాలు తీసుకుంటుంది. ఈ విషయంలో 1976లో ఫించ్, సహపరిశోధకులు చేసిన ప్రయోగం అత్యంత నిశితమైనది. ఇనుము లోపించిన ఎలుకలకు రక్తమార్పిడి ద్వారా హిమోగ్లోబిన్‌ను ఆరోగ్యవంతమైన ఎలుకలతో సమానం చేసినా అవి సరిగా పరుగెత్తలేకపోయాయి. ఇనుము ఇచ్చిన సుమారు నాలుగు రోజుల్లో వాటి పరుగు మెరుగుపడింది. అప్పటికి కండరాలలోని సైటోక్రోములు పెద్దగా పెరగలేదు, పెరిగింది మైటోకాండ్రియాలో ఆల్ఫా గ్లిసరోఫాస్ఫేట్‌ను వినియోగించి శక్తిని తయారుచేసే వేగమే.